అమెరికాలో అడవి భూమి కొన్నారా? ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ ప్లాన్ రాయించుకోవడం నుంచి అమలు దాకా

మన దగ్గర అడవి అంటే ప్రభుత్వానిది అనే లెక్కలో పెరుగుతాం. అమెరికాలో పరిస్థితి వేరు. ఇక్కడి అడవుల్లో సగానికి పైగా ప్రైవేటు వ్యక్తులు, కుటుంబాలు, కంపెనీల చేతిలో ఉన్నాయి. దక్షిణ రాష్ట్రాల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ. అట్లాంటా, షార్లెట్, రిచ్‌మండ్, డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు కూడా పది, ఇరవై, నలభై ఎకరాల చెట్ల భూమి కొంటున్నారు. కొందరు ఒంటరిగా, కొందరు నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టుకుని. కొన్నాక ఆ భూమిని ఏం చేయాలన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఒకరు బుల్డోజర్ పెట్టి చదును చేయిస్తారు. ఇంకొకరు "అడవే కదా, దాని మానాన అది ఉంటుంది" అని వదిలేస్తారు.

ఈ రెండోది వినడానికి బాగానే ఉంటుంది కానీ, చాలా చోట్ల నిజం కాదు. మీరు కొన్న అడవి ఒకప్పుడు పత్తి చేనో, పొగాకు చేనో అయి ఉండవచ్చు. చేను మానేశాక ఒకేసారి మొలిచిన పైన్ చెట్లు ఇరుకుగా పెరిగాయి. సహజంగా వచ్చే మంటలను దశాబ్దాల పాటు ఆపేశారు. చైనీస్ ప్రివెట్, ఆటమ్ ఆలివ్ లాంటి పరాయి మొక్కలు పక్క తోటల నుంచి వచ్చి కింద అల్లుకున్నాయి. అలాంటి చోట ఏమీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని ఫలితం ఏటా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ప్లాన్ కావాలి, అంటే మీ అడవిలో ఏ ముక్కలో ఏ పని ఎప్పుడు చేయాలో ఫారెస్టర్ (అటవీ నిపుణుడు) రాసిచ్చే పత్రం. 1990 ఫార్మ్ బిల్లుతో మొదలైన ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ ప్రోగ్రామ్ దీనికోసమే ఉంది. ఫెడరల్ ఫారెస్ట్ సర్వీస్ సాయంతో ప్రతి రాష్ట్రంలోని అటవీ శాఖ దీన్ని నడుపుతుంది.

ముందే ఒక భయం తీసేయాలి. ఇది పూర్తిగా స్వచ్ఛందం. ప్లాన్ రాయించుకుంటే భూమి మీద ప్రభుత్వానికి హక్కు రాదు, ఎవరినీ లోపలికి రానివ్వాల్సిన పని లేదు, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. కట్టుబాటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ప్లాన్‌కు బంధం లేదు. పన్ను రాయితీలకు, ఖర్చు పంచుకునే పథకాలకు కొన్నేళ్ల ఒప్పందం ఉంటుంది. భూమిని ముక్కలు చేసి వెంచర్ వేసే హక్కును వదులుకునే కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ ఒప్పందం శాశ్వతం. మొదటి మెట్టు ఎక్కకుండా మూడోదాని మీద సంతకం పెట్టకండి.

1. ముందు కాగితాలు, హద్దులు

డీడ్, సర్వే మ్యాప్, టైటిల్ ఇన్సూరెన్స్ కాగితాలు ఒక చోట పెట్టండి. కౌంటీ జీఐఎస్ (భూమి మ్యాపుల) వెబ్‌సైట్‌లో మీ పార్సెల్ గీత ఉంటుంది, కానీ అది సుమారు గీతే. హద్దు తగాదాలో అది చెల్లదు. సర్వేయర్ పాతిన ఇనుప పిన్నులు ఎక్కడున్నాయో వెతికి, హద్దు చెట్లకు రంగు వేయించండి. ఇండియా నుంచి నాన్నగారో మామగారో వచ్చినప్పుడు తీసుకెళ్లండి. హద్దు రాళ్ల విలువ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. హద్దు తెలియని చోట చెట్లు కొట్టిస్తే, పక్కవాళ్ల చెట్టు ఒక్కటి పడినా కేసు అవుతుంది.

డీడ్‌లో చూడాల్సినవి: కలప హక్కు, ఖనిజ హక్కు పాత యజమాని దగ్గరే ఉండిపోయాయా, కరెంటు లైన్‌కో గ్యాస్ పైప్‌కో దారి ఇచ్చారా, పాత ఈజ్‌మెంట్ ఏదైనా ఉందా.

వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. గ్రీన్ కార్డ్ గానీ పౌరసత్వం గానీ లేనివాళ్లు వ్యవసాయ లేదా అటవీ భూమి కొంటే, 1978 నాటి అఫీడా చట్టం (విదేశీయులు కొన్న వ్యవసాయ, అటవీ భూముల వివరాలు ప్రభుత్వానికి తెలపాలనే చట్టం) కింద 90 రోజుల్లోపు యూఎస్‌డీఏకి (అమెరికా వ్యవసాయ శాఖకు) ఎఫ్‌ఎస్‌ఏ‑153 ఫారం ఇవ్వాలి. మొత్తం పదెకరాలు దాటకుండా, దాని మీద ఏడాదికి వచ్చే రాబడి వెయ్యి డాలర్లు మించకుండా ఉంటే మినహాయింపు ఉంది. అది దాటితే హెచ్‌‑1బీ మీద ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కు కూడా ఇది వర్తిస్తుంది. ఎల్‌ఎల్‌సీ పేరు మీద కొన్నా అందులో విదేశీ వాటా 10 శాతం ఉంటే ఎల్‌ఎల్‌సీ రిపోర్ట్ చేయాలి. జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వెళ్లవచ్చు. రియల్టర్లు దీన్ని చెప్పడం అరుదు. గడువు దాటిపోయి ఉంటే అటార్నీతో మాట్లాడి, వీలైనంత త్వరగా ఫైల్ చేయడం మేలు. ఆలస్యం పెరిగేకొద్దీ జరిమానా పెరుగుతుంది.

2. మీకేం కావాలో మీరే రాసుకోండి

ప్లాన్ మొత్తం నిలబడేది దీని మీదే. ఫారెస్టర్ వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ఈ భూమితో మీకేం కావాలి?" అని. "ఇన్వెస్ట్‌మెంట్" అని ఒక్క మాట చెప్తే, ఆయన కలప అమ్మకం చుట్టూ ప్లాన్ రాసిస్తారు. తప్పు ఆయనది కాదు.

ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని ఒక పేజీ రాయండి. పిట్టలు, జింకలు ఉండాలా? వాగు నీళ్లు తేటగా ఉండాలా? పిల్లలు నడవడానికి దారి కావాలా? పదేళ్ల తర్వాత ఒక మూల ఇల్లు కట్టాలనుందా? కలప మీద ఎంతో కొంత ఆదాయం రావాలా, లేక ఖర్చు పెట్టడానికి కూడా సిద్ధమా? అన్నీ రాశాక ఒకటి, రెండు, మూడు అని వరుస పెట్టండి. ఈ వరుస లేకపోతే ప్లాన్ ఎటూ తేలదు. ఎందుకంటే కొన్ని కోరికలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. దట్టమైన పైన్ తోటలో కలప ఎక్కువ వస్తుంది, బాబ్‌వైట్ క్వెయిల్ ఉండదు. ఆ పిట్టకు వెలుతురు పడే గడ్డి నేల కావాలి.

నలుగురు కలిసి కొన్న భూమి అయితే నలుగురి జాబితాలూ విడివిడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టండి. ఒకరికి ఐదేళ్లలో అమ్మాలని, ఇంకొకరికి పిల్లలకు ఇవ్వాలని ఉంటుంది. ఈ సంగతి చెట్లు కొట్టే కాంట్రాక్టర్ వచ్చిన రోజు కంటే ఇప్పుడే బయటపడటం నయం. సంతకం ఎవరు పెట్టాలో ఎల్‌ఎల్‌సీ ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో రాసి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

3. ఫారెస్టర్‌ను పిలిచి, ఆయనతో నడవండి

మీ రాష్ట్ర అటవీ శాఖ వెబ్‌సైట్‌లో కౌంటీ పేరు కొడితే మీ ఫారెస్టర్ నంబర్ దొరుకుతుంది. నార్త్ కరోలినాలో ఎన్‌సీ ఫారెస్ట్ సర్వీస్, జార్జియాలో జార్జియా ఫారెస్ట్రీ కమిషన్, టెక్సస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్. మొదటి సలహాకు చాలా చోట్ల డబ్బు తీసుకోరు. రాతపూర్వక ప్లాన్‌కు కొన్ని రాష్ట్రాల్లో ఎకరాల లెక్కన కొద్దిగా ఫీజు ఉంటుంది. కనీసం పదెకరాలు ఉండాలనే నియమం చాలా రాష్ట్రాల్లో ఉంది. ప్రభుత్వ ఫారెస్టర్ దగ్గర నెలల క్యూ ఉంటే కన్సల్టింగ్ ఫారెస్టర్‌ను పెట్టుకోవచ్చు. ఆయన మీ తరఫున పనిచేస్తాడు. కలప మిల్లు పంపే ఫారెస్టర్ మిల్లు తరఫున పనిచేస్తాడు. ఇద్దరి చేతిలోనూ అవే పనిముట్లు ఉంటాయి, కాబట్టి జీతం ఎవరిస్తున్నారో అడిగి తెలుసుకోండి.

నడకకు ముందు వెబ్ సాయిల్ సర్వే అనే వెబ్‌సైట్‌లో మీ భూమి నేల మ్యాప్ ఉచితంగా తీసుకోండి. పాత ఏరియల్ ఫొటోలు దొరికితే ఇంకా మంచిది. 1950లలో అక్కడ చేను ఉందో, చెట్లున్నాయో తెలిస్తే ఇప్పుడున్న అడవి ఎందుకిలా ఉందో సగం అర్థమవుతుంది.

ఫారెస్టర్ వెంట మీరు తప్పకుండా నడవాలి. రిపోర్ట్ ఈమెయిల్‌లో వస్తుందిలే అనుకోకండి. ఆయన చెట్టు చుట్టుకొలతను నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కొలుస్తాడు. ఇంక్రిమెంట్ బోరర్‌తో సన్నటి పుల్లలాంటి ముక్క తీసి వలయాలు లెక్కపెడతాడు. బయటి వలయాలు దగ్గరదగ్గరగా ఉంటే చెట్లు వెలుతురు కోసం పోటీ పడుతున్నాయని అర్థం. ఎకరంలోని చెట్ల కాండాలను ఆ ఎత్తులో అడ్డంగా కోస్తే కనిపించే మొత్తం వైశాల్యాన్ని బేసల్ ఏరియా అంటారు. పైన్ తోటలో అది ఎకరానికి 120 చదరపు అడుగులు చేరిందంటే ఇరుకు, పలచన చేయాల్సిన సమయం. ఇరుకులో బలహీనపడిన చెట్ల మీదే సదరన్ పైన్ బీటిల్ అనే పురుగు ముందు పడుతుంది. మీకేది అర్థం కాకపోయినా అక్కడే అడగండి. ఎక్కువమంది ఫారెస్టర్లు అడిగితే సంతోషంగా చెప్తారు.

4. ప్లాన్ చేతికొచ్చాక ఏం చూడాలి

మీ లక్ష్యాలు మొదటి పేజీలో, మీ మాటల్లో ఉండాలి. భూమిని స్టాండ్లుగా విడగొట్టిన మ్యాప్ ఉండాలి. స్టాండ్ అంటే ఒకే రకం, ఒకే వయసు చెట్లున్న ముక్క. ఒక్కో ముక్కకు ఇప్పుడున్న స్థితి, చేయాల్సిన పని, ఏ ఏడాది చేయాలన్నది విడిగా రాసి ఉండాలి. నేల, వాగులు, వన్యప్రాణులు, అరుదైన జాతులు, పరాయి మొక్కలు, మంట ప్రమాదం, పాత సమాధులో పునాదులో ఉంటే వాటి సంగతి కూడా రావాలి. పక్క కౌంటీ వాళ్ల ప్లాన్‌లో పేరు మార్చినట్టు కనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. సాధారణంగా ప్లాన్ పదేళ్లకు రాస్తారు.

ఈ ప్లాన్ ఉంటే, బాగా చూసుకునే ప్రైవేటు అడవులకు గుర్తింపు ఇచ్చే అమెరికన్ ట్రీ ఫార్మ్ సిస్టమ్‌లో చేరడం తేలిక. 1941లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన వ్యవస్థ అది.

5. పన్ను రాయితీ

ఇళ్ల స్థలం విలువ కట్టి ప్రాపర్టీ ట్యాక్స్ వేస్తే ఏ కుటుంబమూ ఎక్కువకాలం అడవిని ఉంచుకోలేదు. అందుకే రాష్ట్రాలు వాడుక విలువ మీద పన్ను వేసే పద్ధతి పెట్టాయి. నియమాలు రాష్ట్రానికొకటి.

నార్త్ కరోలినాలో అటవీ భూమికి ప్రెజెంట్ యూజ్ వాల్యూ రావాలంటే కనీసం 20 ఎకరాలు, రాతపూర్వక ప్లాన్ కావాలి. ఇప్పటికే ఆ రాయితీలో ఉన్న భూమిని కొంటే, పేరు మారిన 60 రోజుల్లోపు కొనసాగింపుకు అప్లై చేయాలి. జార్జియాలో కన్జర్వేషన్ యూజ్ కింద పదేళ్ల ఒప్పందం రాసిస్తారు. మధ్యలో తప్పితే ఆదా చేసిన పన్నుకు రెట్టింపు కట్టాల్సి రావచ్చు. టెక్సస్‌లో ఇప్పటికే వ్యవసాయ లేదా కలప వాల్యుయేషన్‌లో ఉన్న భూమిని వన్యప్రాణుల నిర్వహణ కిందకి మార్చుకోవచ్చు. ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి: ఆవాసం బాగుచేయడం, నేల కోతకు గురికాకుండా ఆపడం, వేటాడే జంతువుల అదుపు, నీటి ఏర్పాటు, మేత, గూళ్లు, లెక్కింపు. పశువులు పెట్టలేని ఉద్యోగస్తులకు ఇది మంచి దారి.

చదును చేయించే ముందు పన్ను కోసం భూమి విలువ కట్టే కౌంటీ అసెసర్ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి. చెట్లు తీసేసిన రోజే రాయితీ పోయి, వెనకటి ఏళ్ల పన్ను వడ్డీతో కలిపి వచ్చి పడవచ్చు.

6. ఖర్చులో సగం పైగా తిరిగొచ్చే దారి

యూఎస్‌డీఏ కింద ఎన్‌ఆర్‌సీఎస్ (సహజ వనరుల సంరక్షణ విభాగం) నడిపే ఈక్విప్ అనే ఖర్చు పంచుకునే పథకం అడవి యజమానులకూ వర్తిస్తుంది. కౌంటీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ముందు ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) దగ్గర ఫార్మ్ నంబర్ తీసుకోవాలి. డీడ్, ఐడీ, ఎల్‌ఎల్‌సీ కాగితాలు వెంట ఉంచుకోండి. తర్వాత ఎన్‌ఆర్‌సీఎస్ దగ్గర అప్లికేషన్. అప్లికేషన్లు ఏడాది పొడవునా తీసుకుంటారు, కానీ రాష్ట్రానికొక ర్యాంకింగ్ తేదీ ఉంటుంది. అది దాటితే తర్వాతి విడతకే. నిధులు ఏటా ఒకేలా ఉండవు కాబట్టి మొదటిసారి రాకపోతే మళ్లీ ప్రయత్నించండి.

ప్లాన్ రాయించుకోవడానికి, పలచన చేయడానికి, పరాయి మొక్కలు తీయడానికి, మొక్కలు నాటడానికి, అదుపులో మంట పెట్టడానికి విడివిడి రేట్లుంటాయి. వ్యవసాయం మొదలుపెట్టి పదేళ్లు దాటని కొత్తవాళ్లకు రేటు ఎక్కువ, మనలో చాలామంది ఆ కోవలోకే వస్తారు. మూడు పన్ను సంవత్సరాల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే మాత్రం సాధారణంగా అర్హత పోతుంది. వీసా స్థితి గురించి కూడా మొదటి రోజే అడిగేయండి.

ఎన్ని చెప్పినా మర్చిపోకూడనిది ఇదొక్కటి: కాంట్రాక్ట్ మీద రెండు వైపులా సంతకాలు అయ్యేదాకా పని మొదలుపెట్టకండి. ముందే చేసిన పనికి డబ్బు రాదు. మీరిచ్చిన వివరాలు బయటికి వెళ్తాయనే టెన్షన్ వద్దు. 2008 ఫార్మ్ బిల్లులోని సెక్షన్ 1619 ఈ సమాచారానికి రక్షణ ఇస్తుంది.

7. నేల మీద పని

మొదటి ఏడాది డబ్బు పెట్టాల్సింది పరాయి మొక్కల మీద. చెట్లు పలచన చేసి కిందకి వెలుతురు పంపాక ప్రివెట్‌నో స్టిల్ట్‌గ్రాస్‌నో చూసుకుందాం అనుకుంటే, ఆ వెలుతురు ముందు వాటికే అందుతుంది. వరుస తప్పితే ఖర్చు చాలా పెరుగుతుంది.

చైనీస్ ప్రివెట్ చలికాలంలోనూ పచ్చగానే ఉంటుంది. ఇక్కడి స్థానిక మొక్కలు చాలావరకు ఆకు రాల్చాక అది విడిగా కనిపిస్తుంది, అప్పుడే మందు కొడితే మిగతావాటికి దెబ్బ తగలదు. ట్రీ ఆఫ్ హెవెన్ దీనికి పూర్తి వ్యతిరేకం. దాన్ని ఊరికే నరికితే వేళ్ల నుంచి పదుల కొద్దీ పిలకలు లేస్తాయి. జులై నుంచి ఆకు రంగు మారేలోపు కాండానికి గాట్లు పెట్టి, గాటులో మందు వేస్తే అది వేళ్లకు దిగుతుంది. చెట్టు చచ్చాకే నరకాలి. 2014లో పెన్సిల్వేనియాలో మొదట కనిపించిన స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లైకి కూడా ఇష్టమైన చెట్టు ఇదే. మందు వాడేటప్పుడు లేబుల్ చదవండి, వాగు దగ్గర వాడదగిన రకం వేరే ఉంటుంది.

పలచన చేయడం అంటే కలప అమ్మడమే, కాబట్టి ఇక్కడ మోసం కూడా ఉంటుంది. తలుపు కొట్టి "పెద్ద చెట్లన్నీ కొనేస్తాం, చిన్నవి పెరుగుతాయి" అనేవాళ్లు వస్తారు. ఒప్పుకోకండి. చిన్నగా కనిపించేవాటిలో చాలా భాగం అదే వయసువి, పోటీలో ఓడిపోయినవి. మంచి విత్తనమిచ్చే చెట్లు పోయి ఓడిపోయినవి మిగిలితే ఆ అడవి కోలుకోవడానికి తరాలు పడుతుంది. ఏ చెట్టు పోవాలో ముందే ఫారెస్టర్ రంగు వేయాలి, అమ్మకం సీల్డ్ బిడ్ల మీద జరగాలి, కాంట్రాక్ట్‌లో వాగు గట్టున వదలాల్సిన పట్టీ వెడల్పు, తడి నేలలో యంత్రాలు దిగకూడదనే షరతు, దారులు బాగుచేసి వెళ్లాలనే షరతు రాసి ఉండాలి. ఎండిపోయిన మోడులు కొన్నింటిని అలాగే ఉంచమనండి. వడ్రంగి పిట్టలు, గుడ్లగూబలు, ఎగిరే ఉడుతలు వాటి తొర్రల్లోనే ఉంటాయి.

దక్షిణాదిలో మంట కూడా ఒక పనిముట్టే. వర్జీనియా నుంచి టెక్సస్ దాకా ఒకప్పుడు 9 కోట్ల ఎకరాల్లో ఉన్న లాంగ్‌లీఫ్ పైన్ అడవి, సుమారు 30 లక్షల ఎకరాలకు పడిపోవడానికి నరకడం ఒక కారణమైతే, మంటను ఆపేయడం ఇంకొకటి. రెండు మూడేళ్లకోసారి నేల మీద తక్కువ ఎత్తులో పాకే మంట పొదలను తగ్గించి గడ్డిని, పూలమొక్కలను బతికిస్తుంది. కానీ దీన్ని మీ అంతట మీరు చేయకండి. శిక్షణ, లైసెన్స్ ఉన్న బర్న్ మేనేజర్, వాతావరణం చూసి రాసిన బర్న్ ప్లాన్, ఆ రోజు పర్మిట్ ఉండాలి.

8. అరుదైన జీవి కనిపిస్తే దాచకండి

"రక్షిత జాతి ఉందని తెలిస్తే భూమి వాడుకోనివ్వరు" అనే భయంతో చెట్లు కొట్టేసినవాళ్లున్నారు. ఈ భయానికి జవాబుగానే 1995లో నార్త్ కరోలినా శాండ్‌హిల్స్‌లో రెడ్ కాకేడెడ్ వుడ్‌పెకర్ అనే వడ్రంగి పిట్ట కోసం సేఫ్ హార్బర్ ఒప్పందాలు మొదలుపెట్టారు. ఒప్పందం రోజున ఎన్ని పిట్టలున్నాయో అంతవరకే మీ బాధ్యత. మీరు అడవిని బాగుచేయడం వల్ల కొత్తవి వస్తే, వాటివల్ల మీ మీద అదనపు ఆంక్షలు పడవు. 2024 నుంచి ఇలాంటి వాటిని కన్జర్వేషన్ బెనిఫిట్ అగ్రిమెంట్లుగా కలిపారు. అదే ఏడాది ఆ పిట్టను అంతరించే ముప్పున్న జాబితా నుంచి ఒక మెట్టు కిందకి మార్చారు. అందులో ప్రైవేటు భూముల యజమానుల పాత్ర చిన్నది కాదు.

9. శాశ్వత ఒప్పందం గురించి ఆలోచిస్తుంటే

కన్జర్వేషన్ ఈజ్‌మెంట్‌లో భూమి మీదే ఉంటుంది, దాన్ని ముక్కలు చేసి వెంచర్ వేసే హక్కును మాత్రం ల్యాండ్ ట్రస్ట్‌కు (భూములను కాపాడే సంస్థకు) వదులుకుంటారు. మీ తర్వాత కొన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. వదులుకున్న విలువను దానంగా లెక్కించి, ఫెడరల్ పన్ను లెక్కలో ఏడాదికి ఆదాయంలో 50 శాతం వరకు తగ్గించుకోవచ్చు. మిగిలింది తర్వాతి 15 ఏళ్లకు మోసుకెళ్లవచ్చు. అర్హత గల అప్రైజర్ నివేదిక, 8283 ఫారం కావాలి. భూమి మీద లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకుని తన హక్కును ఈజ్‌మెంట్ కిందకి తగ్గించుకోవాలి. వర్జీనియాలో దీనికి తోడు, వదులుకున్న విలువలో 40 శాతం దాకా రాష్ట్ర పన్ను క్రెడిట్ వస్తుంది.

డాక్టర్లకు, ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. "ఒక డాలర్ పెట్టండి, నాలుగు డాలర్ల డిడక్షన్" అంటూ సిండికేటెడ్ ఈజ్‌మెంట్లలో (చాలామంది పెట్టుబడి కలిపి, పన్ను తగ్గింపు పంచుకునే పథకాల్లో) వాటాలు అమ్మేవాళ్లు వస్తారు. ఐఆర్‌ఎస్ 2016 డిసెంబర్‌లోనే వీటిని అనుమానాస్పద లావాదేవీల జాబితాలో పెట్టింది. భాగస్వామి పెట్టుబడికి రెండున్నర రెట్లు మించిన డిడక్షన్‌ను 2022 డిసెంబర్ చట్టం చాలావరకు చెల్లకుండా చేసింది. ఆ పథకాలకు, నిజంగా అడవిని కాపాడాలనుకునే కుటుంబం రాసే ఈజ్‌మెంట్‌కు సంబంధం లేదు. గుర్తింపు పొందిన ల్యాండ్ ట్రస్ట్‌తో, మీ సొంత అటార్నీతో, ఏడాది సమయం తీసుకుని చేయండి. పిల్లలు పెద్దవాళ్లయితే వాళ్ల ముందే చదివించండి.

10. ప్లాన్‌ను వాడుకలో ఉంచడం

ఏటా ఒకసారి, ఆకు రాలాక, అవే నాలుగైదు చోట్ల నిలబడి అదే దిక్కుకు ఫొటోలు తీయండి. చేసిన పని, ఖర్చు, రసీదు ఒక ఫైల్‌లో ఉంచండి. కలప అమ్మినప్పుడు క్యాపిటల్ గెయిన్స్ లెక్కకు అవి పనికొస్తాయి. కొన్న ఏడాది కలప విలువ ఎంతో ఫారెస్టర్‌తో రాయించి ఉంటే పన్ను ఇంకా తగ్గుతుంది. హరికేన్ వచ్చినా, పురుగు పడినా, మీ లక్ష్యాలు మారినా పదేళ్లు ఆగక్కర్లేదు, ఫారెస్టర్‌ను పిలిచి ప్లాన్ సవరించుకోవచ్చు. విల్లు లేదా ట్రస్ట్ రాసేటప్పుడు ప్లాన్ కాపీని డీడ్‌తో పాటు జతచేయండి. భూమి అమ్మాల్సి వచ్చినా కొనేవాళ్ల చేతికి ఆ ఫైల్ ఇవ్వండి.